మైనం మరచిపోని ముఖాలు

కొవ్వొత్తి నుంచి ఒక మైనపు చుక్క బల్లమీద పడిందనుకోండి. కాసేపటికే అది గట్టిపడిపోతుంది. ఈ చిన్న గుణాన్నే ఆసరాగా చేసుకొని, రెండువేల ఏళ్ల క్రితం చిత్రకారులు మనుషుల ముఖాలు చిత్రించారని మీకు తెలుసా?

ఈజిప్టులో నైలునదికి పడమరగా ఫాయుం అనే పల్లపు ప్రాంతం ఉంది. క్రీ.శ. 1 నుంచి 3వ శతాబ్దం వరకు, రోమన్ల పాలనలో, అక్కడి కలవారు చనిపోయిన తమవారి దేహాలను మమ్మీలుగా భద్రపరచి నారబట్టతో చుట్టేవారు. ముఖం ఉండే చోట, ఆ మనిషి బొమ్మ వేసిన పలుచని చెక్కను అమర్చేవారు. దేహం బట్టలో దాగినా ముఖం మాత్రం ఎదురుగా కనిపిస్తూనే ఉండేది. 1888లో ఫ్లిండర్స్ పెట్రీ అనే బ్రిటిష్ పురాతత్త్వవేత్త హవారా అనే చోట తవ్వకాలు జరిపినప్పుడు ఇటువంటి బొమ్మలు ఎన్నో బయటపడ్డాయి. ఇప్పటికి లభించినవి 900 నుంచి 1000 వరకు ఉంటాయి.

ఆరే రంగు, చల్లారే రంగు

వీటిలో కొన్నింటిని జిగురు కలిపిన రంగులతో వేశారు. చాలావాటికి వాడింది తేనెపట్టు నుంచి తీసిన మైనమే. ఎర్రకావి, సీసపు తెలుపు, బొగ్గు నలుపు వంటి రంగుపొడులను మైనంలో కలిపి, కుంచెతోనూ లోహపు పనిముట్లతోనూ చెక్కపై పరిచేవారు. ఈ పద్ధతిని ఎన్‌కాస్టిక్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు 'కాల్చి అద్దినది' అని అర్థం. కొన్ని బొమ్మలకు బంగారురేకు కూడా అతికించారు.

నీటిరంగు ఎలా ఆరుతుంది? నీరు ఆవిరైపోయి ఆరుతుంది. నూనెరంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. మైనానికి ఈ రెండూ అక్కరలేదు. అది సుమారు 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కరుగుతుంది. వేడి తగ్గగానే గడ్డకడుతుంది. కనుక చిత్రకారుడు త్వరత్వరగా పని చేయాలి. అతడు గీసిన గీత గీసినచోటనే నిలిచిపోతుంది. చాలా బొమ్మలపై ఆ కుంచె జాడలు నేటికీ కనిపిస్తాయి. అంటే ఆ చెక్కపై రెండు గుర్తులు మిగిలాయన్నమాట: ఒకటి చనిపోయిన మనిషి ముఖం, రెండవది చిత్రకారుడి చేతి కదలిక!

మైనపు అణువుల్లో పొడవైన కర్బన గొలుసులుంటాయి. అవి నీటితో కలవవు. పైగా అక్కడి ఎడారి ఇసుక పొడిగా ఉంటుంది. అందుకే ఆ రంగులు ఇంతకాలం నిలిచాయి.

బొమ్మ నిజం చెప్పిందా?

ఇంతకూ ఆ ముఖాలు నిజంగా ఆ మనుషులవేనా? జర్మనీలోని మ్యూనిక్ మ్యూజియంలో బొమ్మతో సహా ఒక బాలుడి మమ్మీ ఉంది. శాస్త్రవేత్తలు దాని కట్లు విప్పకుండానే సి.టి. స్కాన్ తీశారు. పళ్లను, ఎముకల ఎదుగుదలను బట్టి ఆ బాలుడి వయస్సు మూడు, నాలుగేళ్లని తేల్చారు. పుర్రె ఆధారంగా కంప్యూటరుపై ముఖాన్ని తిరిగి నిర్మించి బొమ్మతో పోల్చారు. 2020లో ఫలితాలు ప్రకటించారు. పోలిక స్పష్టంగా ఉంది. అయితే బొమ్మలో ముక్కు, నోరు ఇంకా సన్నగా ఉన్నాయి. అందువల్ల పిల్లవాడు వయస్సుకు మించి పెద్దవాడిలా కనిపిస్తాడు. ఆనాటి చిత్రకళా సంప్రదాయమే ఇందుకు కారణం కావచ్చు. మనం ప్రేమించినవారిని గుర్తుచేసుకొనేటప్పుడు మన మనస్సు కూడా కొంత ఉంచుకొని, కొంత మార్చుకోదా?

మీరూ చేసి చూడండి

తెల్లకాగితంపై మీ అరచెయ్యి ఆనించి, చుట్టూ సన్నని కొవ్వొత్తితో గట్టిగా గీయండి. గీత సరిగా కనిపించదు. ఇప్పుడు దానిపై పలుచని నీటిరంగు పూయండి. మైనం ఉన్నచోట రంగు అంటదు. మీ చెయ్యి తెల్లని గీతగా తేలుతుంది. మైనాన్ని మంటపై కరిగించే పని మాత్రం పెట్టుకోవద్దు. దాని ఆవిరికి నిప్పు అంటుకుంటుంది.

కాగితం మూలన తేదీ వేసి పుస్తకంలో దాచండి. వచ్చే సంవత్సరం అదే తేదీన, అదే గీతపై మళ్లీ చెయ్యి ఆనించి చూడండి. వేళ్లు ఎంతవరకు గీత దాటాయో కొలిచి రాసుకోండి.