చిప్ గీసేది చెయ్యా, సాఫ్ట్‌వేరా?

1971లో ఇంటెల్ విడుదల చేసిన 4004 ప్రాసెసర్‌లో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లున్నాయి. ఫెడెరికో ఫాజిన్ ఆధ్వర్యంలో తయారైన ఆ చిప్ లేఅవుట్‌ను చేత్తోనే గీశారు. అసలు పరిమాణానికి వందల రెట్లు పెద్దగా గీసి, రూబీలిత్ అనే ఎర్రటి ఫిల్మ్‌ను చాకుతో కోసి, అక్కర్లేని ముక్కలు ఒలిచి, ఫొటో తీసి కుదించేవారు. ఒక్క ముక్క ఒలవడం మరిచినా చిప్ చెడిపోవచ్చు. ఆ తప్పు పట్టుకోవడానికి కళ్లే ఆధారం. ఫాజిన్ తన పేరులోని రెండు ఎఫ్ అక్షరాలను చిప్ అంచున చేర్చారు. చిత్రకారుడు బొమ్మ కింద సంతకం చేయడం లాంటిదే అది; అంత శ్రమకు ఆ గుర్తు న్యాయమే.

2020లో వచ్చిన ఆపిల్ ఎం1 చిప్‌లో ట్రాన్సిస్టర్లు 1,600 కోట్లు. సెకనుకొకటి చొప్పున రాత్రింబవళ్లు గీసినా 500 ఏళ్లు దాటుతుంది. ఇక్కడ ఎంచుకోవడానికేమీ లేదు. ఎలక్ట్రానిక్ డిజైన్ ఆటోమేషన్, పొట్టిగా ఈడీఏ, తప్పనిసరి. చిప్ ఏం చేయాలో ఇంజనీర్లు వెరిలాగ్ వంటి భాషలో రాస్తారు. సాఫ్ట్‌వేర్ దాన్ని లాజిక్ గేట్లుగా మార్చి, ఏది ఎక్కడుండాలో, తీగలు ఎటు నడవాలో తేలుస్తుంది. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో వెలువడిన స్పైస్ ప్రోగ్రామ్‌తో, సర్క్యూట్ కట్టకముందే ఎక్కడ ఎంత వోల్టేజి ఉంటుందో లెక్కగట్టడం వీలైంది.

అయితే సాఫ్ట్‌వేర్ పరీక్షించమన్నదాన్నే పరీక్షిస్తుంది. ఇంటెల్ తయారుచేసిన పెంటియం ప్రాసెసర్ కొన్ని భాగహారాలు తప్పు చేస్తోందని 1994లో బయటపడింది. లోపలి పట్టికలో ఐదు గడులకు విలువలు చేరకపోవడమే కారణం. విడుదలకు ముందు పరీక్షల్లో దొరకని ఆ పొరపాటు ఇంటెల్‌కు 47.5 కోట్ల డాలర్ల భారమైంది.

అనలాగ్ చిప్‌లలో మనిషి చెయ్యి నేటికీ వెనక్కి తగ్గలేదు. జంటగా పనిచేసే రెండు ట్రాన్సిస్టర్లకు వేడి సమానంగా తగలాలి. అందుకే వాటిని పక్కపక్కన, ఒకే దిశలో అమర్చాలి. ఇది తెర మీదే జరిగినా, నిర్ణయం ఎక్కువగా డిజైనర్‌దే.

నిజంగా ఎంచుకునే వీలున్నది సర్క్యూట్ బోర్డుల దగ్గర. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని, రాగి పూత పలక మీద మార్కర్‌తో గీతలు గీసి, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో ముంచితే గీత కింది రాగి మిగిలి, తక్కినది కరిగిపోతుంది. విద్యార్థి ఒక్కసారైనా ఇలా చేసి తీరాలి. కరెంటు దారి, దాటరాని గీత, భాగాల మధ్య ఎడం అన్నీ అప్పుడే ఒంటబడతాయి. కానీ రెండు గీతలు తాకితే ఆ పలక చెప్పదు. సాఫ్ట్‌వేర్‌లోని నియమాల తనిఖీ వెంటనే చెబుతుంది. 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ మొదలుపెట్టిన కీక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం కనుక ఖర్చు అడ్డంకి కాదు.

ఒక్క బోర్డు, ఒక్క పొర, పది పదిహేను భాగాలైతే చెయ్యి చాలు. అదే బోర్డు పదిమందికి కావాలన్నా, రెండో పొర వచ్చినా సాఫ్ట్‌వేరే వాడాలి.