మీకు తెలుసా? మన మారుతి 800కు ఓ రేసు తోబుట్టువు
గోపాలపట్నం మీదుగా వెళ్లి సింహాచలం కొండ ఎక్కిన మారుతి 800లకు లెక్కలేదు. 1986లో ఇక్కడ కొత్త రూపంతో వచ్చిన ఆ బండి జపాన్‌లో సుజుకి ఆల్టో. 1987లో అక్కడ అదే తరం ఆల్టోకు టర్బో బిగించి ‘ఆల్టో వర్క్స్’ అని అమ్మారు. ఇంజిన్ 543 సీసీలే, మన 796 కన్నా చిన్నది. అయినా ట్విన్ క్యామ్, సిలిండర్‌కు నాలుగు వాల్వులు, 64 హార్స్‌పవర్! మన బండిది 40లోపే. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే రకం ర్యాలీల్లోనూ పరుగుతీసింది. ఇంత చిన్న ఇంజిన్ నుంచి అంత సత్తువ రాబట్టడం అబ్బురమే. జపాన్ కంపెనీలు ఆ 64నే బుల్లి కార్ల గరిష్ఠ హద్దుగా ఒప్పుకున్నాయి, ఇప్పటికీ దాటలేదు.