రంధ్రాన్ని చూసి రాయిని ఎంచాలి

అల్యూమినియం పలకకు డ్రిల్లు వేస్తే బిట్టు దిగిన వైపు అంచు శుభ్రంగానే కనిపిస్తుంది. పలక తిప్పి అవతలి వైపు వేలితో తడిమితే తెలుస్తుంది అసలు సంగతి. రంధ్రం చుట్టూ గోరుకు తగులుతూ పల్చటి లోహపు రెక్క లేచి ఉంటుంది. మెషిన్ షాపుల్లో దీన్ని బర్రు అంటారు. చేయి తెగడం వరకైతే సరిపెట్టుకోవచ్చు. హైడ్రాలిక్ వాల్వులో అదే బర్రు ఊడి నూనెలో కొట్టుకుపోతే ఎక్కడో ఇరుకు దారిలో అడ్డంపడుతుంది, లేదా రబ్బరు రింగును చీరేస్తుంది. పదేపదే బరువు మోసే భాగాల్లో పగుళ్లు మొదలయ్యేదీ ఇలాంటి అంచుల దగ్గరే.

పాతిక ముక్కలైతే ఆకురాయి పట్టుకుని కూర్చోవచ్చు. వేలల్లో తయారైతే ఆ పని సాగదు. హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల షెడ్లలోనైనా, జర్మనీ కార్ల ఫ్యాక్టరీల్లోనైనా దారి ఒక్కటే: ముక్కలన్నిటినీ (షాపు భాషలో జాబులు) రాళ్లతో కలిపి వైబ్రో యంత్రంలో పోయడం. స్ప్రింగుల మీద కూర్చున్న గుండ్రటి తొట్టి అది. అడుగున మోటారు ఇరుసుకు ఒక పక్కకే బరువు తూగేలా దిమ్మలు బిగిస్తారు. మోటారు తిరిగితే తొట్టి నిమిషానికి 1000 నుంచి 3000 సార్లు అదురుతుంది. రాళ్లూ జాబులూ ఒకదానికొకటి రుద్దుకుంటూ, మెలికలు తిరుగుతూ తొట్టి చుట్టూ సాగుతాయి. పైనుంచి సబ్బులాంటి కాంపౌండ్ కలిపిన నీళ్లు కారుతూ అరిగిన మురికిని కడిగేస్తుంటాయి. మామూలుగా ఒక వంతు జాబులకు మూడు వంతుల రాళ్లు పోస్తారు. నునుపు మరీ ముఖ్యమైతే రాళ్ల పాలు ఇంకా పెంచుతారు. లేకపోతే జాబులు ఒకదాన్నొకటి గుద్దుకుని సొట్టలు పడతాయి.

రాళ్లన్న మాటే గానీ, ఇవి ఫ్యాక్టరీలో చేసినవి, వీటినే మీడియా అంటారు. మట్టిలో అల్యూమినా రజను కలిపి బట్టీలో కాల్చితే సిరామిక్ మీడియా. అదే రజనును రెసిన్‌లో పోతపోస్తే ప్లాస్టిక్. ఉక్కు గుళ్లు, పిన్నులూ వాడతారు. లీటరు డబ్బా నింపి తూస్తే సిరామిక్ సుమారు 1.5 కిలోలు, ప్లాస్టిక్ కిలోకు అటూఇటూ, ఉక్కు 4.5 కిలోల పైనే ఉంటాయి. బరువు పెరిగేకొద్దీ రాయి జాబును గట్టిగా ఒత్తుతుంది. ఉక్కు జాబు ఆ ఒత్తిడికి తట్టుకుంటుంది, కాబట్టి దానికి సిరామిక్ సరిగ్గా నప్పుతుంది. అల్యూమినియానికి, జింకుకు మెత్తటి ప్లాస్టిక్ మేలు. ఉక్కు గుళ్లు అసలు కోయవు, పైపొరను నొక్కి మెరిపిస్తాయి. నగల పనివాళ్లు స్టెయిన్‌లెస్ గుళ్లు వాడేది ఆ మెరుపు కోసమే. అదే మామూలు ఉక్కు గుళ్లతో స్టెయిన్‌లెస్ జాబును తిప్పితే ఇనుప రేణువులు దాని ఒంటికి అంటుకుని కొన్నాళ్లకు తుప్పు చుక్కలుగా బయటపడతాయి.

కోయని రాయి గేర్లకు చేసే మేలు మరీ విచిత్రం. గ్రైండింగ్ చక్రం గేరు పళ్లపై సన్నటి గీతలు వదులుతుంది. హెలికాప్టర్, రేసు కారు గేర్లను ఆక్సాలిక్ ఆమ్లం లాంటి రసాయనం కలిపిన నీటిలో, రజను లేని బరువైన సిరామిక్‌తో తిప్పుతారు. రసాయనం ఉక్కు మీద మెత్తటి పొర కడుతుంది. రాయి ఆ పొరను గట్ల మీద తుడవగలదు, గాళ్లలోకి దిగలేదు. తుడిచిన చోట మళ్లీ పొర, మళ్లీ తుడుపు. అలా గట్లు దిగి గాళ్ల మట్టానికి చేరతాయి. గరుకుదనం 0.1 మైక్రాన్ కన్నా తగ్గుతుంది, గేర్ల మధ్య రాపిడీ వేడీ తగ్గుతాయి.

మీడియా కొనేవాళ్లు ముందు అడిగేది ఏది త్వరగా కోస్తుందని. ముందు అడగాల్సింది ఏది ఇరుక్కోదని. జాబులో 10 మి.మీ. రంధ్రం ఉందనుకుందాం. 9.5 మి.మీ. రాయి ఒక్కటే బిరడాలా బిగుసుకుంటుంది. 5 మి.మీ. వి రెండు పక్కపక్కన దూరి పట్టేస్తాయి. 4.6 మి.మీ. వి మూడు కలిసినా అంతే. అందుకే షాపుల్లో ఒక లెక్క పాటిస్తారు: రాయి రంధ్రం కన్నా స్పష్టంగా పెద్దదైనా కావాలి, అందులో మూడో వంతు కన్నా చిన్నదైనా కావాలి. పెద్ద రాయి శంకు ఆకారంలో ఉంటే దాని మొన కాస్త దూరి అంచు బర్రును తీస్తుంది గానీ లోపలి గోడను తాకదు. చిన్నది లోపలంతా తిరుగుతుంది, కానీ తేలిక కాబట్టి గంటల తరబడి తిప్పాలి. మరలు కోసిన, అడుగు మూసుకున్న రంధ్రాలకు ఏ లెక్కా సాగదు. వాటికి రబ్బరు బిరడాలు కొట్టి తొట్టిలో వేస్తారు.

ఇంత ఆలోచించి 12 మి.మీ. రాళ్లు కొన్నా పని అయిపోలేదు. అవీ అరుగుతాయి. కొన్ని వారాలకు తొట్టిలో 12, 11, 10 మి.మీ. రాళ్లు కలగలిసి ఉంటాయి. జాబు అదే, యంత్రం అదే, సెట్టింగూ అదే. అయినా ఒకరోజు రంధ్రాలు పట్టేయడం మొదలవుతుంది. తప్పు ఆ రోజుది కాదు, జల్లెడ పట్టని వారాలది. క్రమం తప్పకుండా జల్లించి చిన్నవి తీసేస్తూ, తగ్గినంత కొత్తవి పోస్తూ ఉండాలి. కొత్తవాటి మూలలు పదునుగా ఉంటాయి, ముందు జాబులు లేకుండా కొన్ని గంటలు నీళ్లతో తిప్పి ఆ పదును విరవాలి. జల్లెడ కింద పడ్డవి వృథా కానక్కర్లేదు, రంధ్రాల్లేని జాబులకు పనికొస్తాయి.

తొట్టి కింద చేరే బురదలో ఎక్కువ భాగం ఈ అరిగిన రాయే. అల్యూమినియం జాబుల బురదైతే జాగ్రత్త అవసరం. సన్నటి అల్యూమినియం పొడి నీటితో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది, కాబట్టి ఆ బురదను మూత బిగించిన డ్రమ్ములో నిల్వ ఉంచకూడదు.