మాల తీసిన మరునాడు

41 రోజుల మండల దీక్ష ఇంద్రియాలను కట్టివేయడానికా, మనసుకు కొత్త రుచి నేర్పడానికా? అనకాపల్లి వీధుల్లో ఏటా కనిపించే నల్లబట్టల వెనుక ఉపనిషత్తుల నాటి ప్రశ్న ఒకటి ఉంది.

శారదా నది పరిసరాల్లో చెరకు గానుగలు ఆడడం మొదలై, అనకాపల్లి మార్కెట్టుకు కొత్త బెల్లం దిమ్మలు చేరే కాలమూ, శబరిమలలో మండల పూజలు ఆరంభమయ్యే నవంబరు నడిమి రోజులూ ఇంచుమించు ఒక్కటే కావడంతో, ఆ నెలల్లో పట్టణంలోని దుకాణాల్లోనూ, ఆటోల్లోనూ, కార్యాలయాల్లోనూ మెడలో తులసి లేదా రుద్రాక్ష మాల ధరించిన అయ్యప్ప స్వాములు తమ నిత్య వృత్తులు చేసుకుంటూనే కనిపిస్తారు. సూర్యోదయానికి ముందే చన్నీటి స్నానం, పగలు ఒక్కపూట భిక్ష, రాత్రి అల్పాహారం, చాపపై నిద్ర, పాదరక్షల త్యాగం, బ్రహ్మచర్యం, మద్యమాంసాలకూ ధూమపానానికీ దూరంగా ఉండడం దీక్షలోని ప్రధాన నియమాలు. విజయవాడ కనకదుర్గమ్మ కోసం ఎర్రని వస్త్రాలతో పట్టే భవానీ దీక్ష, కాషాయ వస్త్రాలతో పట్టే హనుమాన్ దీక్ష కూడా ఇదే తీరులో సాగుతాయి. సంసారం విడువకుండానే గృహస్థు కొంతకాలం సన్న్యాసి నియమాలను పాటించే ఏర్పాటు ఇది.

రుచి మిగిలితే నిగ్రహమా?

ఈ నియమాలన్నీ ‘దమము’ కిందికి, అంటే బాహ్యేంద్రియాలను అదుపులో ఉంచుకోవడం కిందికి వస్తాయి. వేదాంతం దమానికి ముందు ‘శమము’ను, అంటే మనసు నెమ్మదించడాన్ని చెప్పింది, ఆ వెంట ఉపరతి, తితిక్ష, శ్రద్ధ, సమాధానం అనే మరో నాలుగింటిని చేర్చి, మొత్తం ఆరింటినీ శమాది షట్కమని పేర్కొంది. కఠోపనిషత్తు తొలి అధ్యాయంలోని మూడవ వల్లి శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, మనసును కళ్లేలుగా, బుద్ధిని సారథిగా నిరూపిస్తుంది. ఆ వర్ణనలో గుర్రాలను విప్పి పారేయమన్న మాట ఎక్కడా లేదు. గుర్రాలు లేని రథం కదలదు కనుక, సారథి మెలకువగా ఉండడమే అక్కడ కోరిన సాధన.

భగవద్గీత ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఆహారం మానినవాడి నుంచి విషయాలు తొలగిపోయినా వాటి పట్ల రుచి మిగిలే ఉంటుందని, పరతత్త్వ దర్శనంతోనే ఆ రుచి కూడా పోతుందని రెండవ అధ్యాయం చెబుతుంది. చేతులూ కాళ్లూ కట్టుకొని మనసులో విషయాలనే నెమరువేసుకొనేవాడిని మూడవ అధ్యాయం మిథ్యాచారుడని, అంటే కపట వర్తనుడని నిష్కర్షగా పేర్కొంటుంది. ఈ కొలబద్దతో చూస్తే, దీక్ష ముగిసే తేదీ కోసం క్యాలెండరులో రోజులు లెక్కపెట్టుకొనే స్వామి నియమాన్ని పాటించినవాడే గాని, నిగ్రహాన్ని సాధించినవాడు కాదు.

ఖాళీ చేసి నింపడం

అయితే దీక్షను రూపొందించిన సంప్రదాయం ఈ ప్రమాదాన్ని ఎరుగనిది కాదు. వద్దన్న ప్రతిదాని చోటా అది మరొకదాన్ని పెట్టింది. సాయంత్రపు కాలక్షేపం స్థానంలో భజన, పడిపూజ వచ్చాయి. సొంత భోజనంపై ధ్యాస స్థానంలో అన్నదానం వచ్చింది. హోదాను బట్టి మారే పలకరింపుల స్థానంలో యజమానినీ పనివాడినీ ఒకే తీరున ‘స్వామీ’ అని పిలిచే ఆచారం వచ్చింది.

ఈ తత్త్వమంతా శబరిమల యాత్రకు తలపై మోసుకెళ్లే ఇరుముడి అనే మూట కట్టే వేళ ఒక కొబ్బరికాయలో ప్రత్యక్షమవుతుంది. కాయకు పీచు తీసి, కంటికి రంధ్రం చేసి, లోపలి నీటిని పూర్తిగా వంచేసి, ఆ చోటును ఆవునేతితో నింపి బిరడా బిగిస్తారు. సన్నిధానంలో ఆ కాయను పగులగొట్టినప్పుడు నెయ్యి స్వామి అభిషేకానికి చేరుతుంది, చిప్ప హోమగుండంలో పడుతుంది. నెయ్యి జీవాత్మ అని, చిప్ప దేహమని, వంచేసిన నీరు ప్రాపంచిక వాసనలని గురుస్వాములు వివరిస్తారు. ఇరుముడితో ఎక్కవలసిన పదునెనిమిది మెట్లలో మొదటి అయిదింటిని పంచేంద్రియాలకు సంకేతంగా చెప్పడమూ, మెట్ల పైన ఆలయ ముఖభాగంలో ‘తత్త్వమసి’ అన్న మహావాక్యం కనిపించడమూ ఒకే క్రమంలోని విషయాలు. ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు తన కుమారుడు శ్వేతకేతువుకు తొమ్మిది సార్లు బోధించిన ఆ వాక్యం, యాత్రికుడు వెదుకుతూ వచ్చిన తత్త్వం అతడికి వేరు కాదని చెబుతుంది.

అతి పనికిరాదు

నిగ్రహం పేరిట దేహాన్ని హింసించడాన్ని ఈ సంప్రదాయం మెచ్చలేదు. అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రించేవాడికీ, నిద్రే మానినవాడికీ యోగం కుదరదని గీత ఆరవ అధ్యాయం స్పష్టం చేస్తుంది. అనకాపల్లి పక్కనే శంకరం గ్రామం వద్ద, 1907-08లో అలెగ్జాండర్ రీ తవ్వకాలతో వెలుగు చూసిన బొజ్జన్నకొండ బౌద్ధ విహారంలోని భిక్షువులకూ మధ్యేమార్గమే ఆదర్శం. దర్శనాలు వేరైనా, ఈ ఒక్క విషయంలో ఆ కొండ మీది గుహలకూ కింది ఊరి దీక్షా పీఠాలకూ పేచీ లేదు. బెల్లం పెనం కింద మంట చాలకపోతే పాకం రాదు, మితిమీరితే మాడుతుంది. తపస్సు అనే వేడికీ అదే లెక్క.

అసలు పరీక్ష

మాల తీసిన రోజే పాత అలవాట్ల దుకాణం ముందు నిలబడేవారున్నారని దీక్షను ఎగతాళి చేయడం తేలిక. పతంజలి మాత్రం అభ్యాసం గట్టిపడాలంటే అది దీర్ఘకాలం, ఎడతెగకుండా, శ్రద్ధతో సాగాలని మూడు షరతులు పెట్టాడు. 41 రోజుల దీక్ష వీటిలో రెండవదాన్ని, మూడవదాన్ని చవిచూపిస్తుంది. మొదటిదాన్ని సాధకుడే సమకూర్చుకోవాలి. తెల్లవారుజామున లేవడమో, మాట తూలకపోవడమో, పొగతాగడం మానడమో, ఏదో ఒక్క నియమాన్ని ఏడాది పొడవునా నిలుపుకొన్నవాడికి మరుసటి దీక్ష మొదటి మెట్టు నుంచి కాక, రెండవ మెట్టు నుంచి మొదలవుతుంది.

స్థితప్రజ్ఞుడి లక్షణాలు అడిగినప్పుడు అర్జునుడు అతడి వేషాన్ని గురించి గాని, చేసిన యాత్రల సంఖ్యను గురించి గాని ప్రశ్నించలేదు. అతడు ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని అడిగాడు. కనుక దీక్ష ఫలించిందో లేదో తేలేది శబరిమల సన్నిధానంలో కాదు. బెల్లం మార్కెట్టులో తూకం దగ్గర మాటా మాటా పెరిగినప్పుడు, మెడలో మాల లేని ఆ మనిషి నోట వచ్చే మొదటి మాటలోనే.