సద్దుల నాటి సత్తువ ఏడాదంతా ఏమవుతోంది?

పరకాల: ఏడాదికి ఒక్కసారి, సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం ఇక్కడి పల్లెల్లో ఊరందరి విందు జరుగుతుంది. పిలుపులు లేకుండానే అందరూ వస్తారు. చెరువు నీళ్లలో బతుకమ్మలను సాగనంపి, పసుపు గౌరమ్మను పుస్తెలకు అద్దుకున్నాక ఆడవాళ్లు గట్టు మీదనే కూర్చుని డబ్బాల మూతలు తీస్తారు. ఒకరి దగ్గర నువ్వుల సత్తు, మరొకరి దగ్గర పల్లి సత్తు, ఇంకొకరి దగ్గర పెసర సత్తు. రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు, పెరుగు సద్ది, చింతపండు సద్ది, నువ్వుల సద్ది కూడా ఉంటాయి. ఎవరి డబ్బా వాళ్లు తినే పద్ధతి లేదు. అందరి చేతిలో అందరి సత్తు పడాల్సిందే. పిల్లలు దోసిళ్లు పట్టుకుని వరుస వెంట తిరుగుతుంటారు.

పండుగ ప్రసాదమని కళ్లకద్దుకుని తినేస్తాం గానీ, అందులో ఉన్నదేమిటో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వంద గ్రాముల పల్లీల్లో మాంసకృత్తులు పాతిక గ్రాములకు దగ్గరగా ఉంటాయి. పెసల్లో 22 నుంచి 24 గ్రాములు. పొట్టు తీయని నువ్వుల్లో ఎముకకు బలమిచ్చే కాల్షియం వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. అదే వంద గ్రాముల తెల్ల బియ్యంలో మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు, కాల్షియం పది మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అంటే ఆ ఒక్క సాయంత్రం గట్టు మీద కూర్చున్న పడుచుపిల్లకూ బాలింతకూ అందే తిండి, మిగతా రోజుల్లో ఇంట్లో పళ్లెంలో పడే తిండి కంటే ఎన్నో రెట్లు బలమైనది. తెల్లవారితే మళ్లీ తెల్లన్నం, పలుచటి చారు!

తొమ్మిది రోజుల నైవేద్యాల్లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, వెన్నముద్దలు... ఒకనాటిది ఇంకోనాడు ఉండదు. వానకాలం పోయి చలికాలం మొదలయ్యే ముందు, కలుపుతీతల్లో అలసిపోయిన ఆడవాళ్లకు, ఎదిగే పిల్లలకు రకరకాల తిండి అందే ఏర్పాటు ఇది. పెద్దలు అలా అనుకునే పెట్టారో, అనుకోకుండానే కుదిరిందో గానీ మేలు మాత్రం మేలే.

జొన్న పోయె... బియ్యం వచ్చె

జిల్లా పేరు మాత్రం చాలాసార్లు మారింది. వరంగల్ జిల్లాలో ఉన్న పరకాల 2016లో వరంగల్ రూరల్ కిందికి, 2021లో హనుమకొండ కిందికి వచ్చింది. పేరు మారినంత తేలికగా తిండి మారలేదు. దానికి రెండు తరాలు పట్టింది.

ఇక్కడి చల్క భూముల్లో, రేగళ్లలో ఒకప్పుడు జొన్నదే రాజ్యం. జొన్న సాళ్ల మధ్య కంది, పెసర, బెబ్బెర, అనుము ఉండేవి. ఒడ్డు వెంట నువ్వులు. పొద్దున అంబలి, పగలు గటక, రాత్రి రొట్టె. వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో వండేవారు. చేను గెట్టున మొలిచిన గునుగుకూర, గంగవాయిలికూర, పొన్నగంటికూర, తుమ్మికూర పైసా ఖర్చు లేకుండా పొయ్యి మీదికి చేరేవి. ఇప్పుడు ఆ ఆకులనే కలుపు మందు కొట్టి చంపుతున్నాం. గునుగు పువ్వు బతుకమ్మలో పేర్చడానికి కావాలి, గునుగు ఆకు మాత్రం ఎవరికీ గుర్తు లేదు.

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. కూలినాలి జనానికి కడుపునిండా అన్నం దొరికింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆకలి ఎరగనివాళ్లే. అయితే రేషన్ బియ్యం ఇంటికి వచ్చాక జొన్న విసిరే పని ఎందుకన్న మాట కూడా వచ్చింది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. విసుర్రాయి తిప్పింది, రోకలి పోటు వేసింది, రెండు చేతులా రొట్టె కొట్టింది ఆడది. సామలు, కొర్రలు దంచి పొట్టు తీయాలంటే ఒళ్లు హూనమయ్యేది. ఆ చాకిరీ తప్పినందుకు ఏ ఇల్లాలూ ఏడవలేదు.

బియ్యం తర్వాత పత్తి వచ్చింది. చేను మొత్తం పత్తి వేశాక సాళ్లలో కందికి, అనుముకు చోటు దక్కలేదు. 1997-98లో పురుగు పడి, అప్పులు మీద పడి వరంగల్ జిల్లా పత్తి రైతులు ఉసురు తీసుకున్న సంగతి దేశమంతా విన్నదే. పంట పోయిన ఏడాది ఇంట్లో తినడానికి గింజ కూడా లేకపోవడం ఆ కష్టాన్ని రెట్టింపు చేసింది. జొన్నచేను ఎండినా ఎంతో కొంత చేతికి వచ్చేది, సొప్ప అయినా పశువు తినేది. పత్తికట్టె పొయ్యిలోకి తప్ప ఎందుకు పనికొస్తుంది?

2019-21లో జరిపిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో 56 మందికి పైగా ఉండేది, అంటే తగ్గకపోగా కాస్త పెరిగింది. అయిదేళ్లలోపు పిల్లల పరిస్థితి మరీ ఘోరం. నూటికి 60 నుంచి 70కి చేరింది. నూటికి 33 మంది పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేరు. రేషన్ షాపులు ఉన్న రాష్ట్రంలో, వడ్లు కుప్పలు పోసే రాష్ట్రంలో ఈ అంకెలు! కడుపు నిండుతోంది, ఒంట్లో నెత్తురు ఊరడం లేదు.

జహీరాబాద్ సంఘాల దారి

ఇదే కష్టాన్ని ముందే చూసి, దారి వెతుక్కున్న ఆడవాళ్లు ఉన్నారు. హైదరాబాద్ దాటి వంద కిలోమీటర్లు పడమటికి పోతే జహీరాబాద్ వస్తుంది. ఆ పక్కనే పస్తాపూర్. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆ చుట్టుపక్కల డెబ్బైకి పైగా ఊళ్లలో మహిళా సంఘాలను నిలబెట్టింది. సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. ఒక ఎకరమో రెండెకరాలో రాళ్ల నేల ఉన్నవాళ్లు. కిలో రెండు రూపాయల బియ్యం మొదలైన ఏడాదే ఈ సంస్థ కూడా మొదలు కావడం కాకతాళీయమే కావచ్చు.

వాళ్లు 1995లో చేసిన పని విని తీరవలసినది. బీడు పడ్డ భూములను దున్ని జొన్న వేసే పేద రైతులకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి సంఘం ద్వారా అప్పు ఇచ్చారు. అప్పు తీర్చాల్సింది రూపాయల్లో కాదు, గింజల్లో. అదీ ఏళ్ల మీద, కొంచెం కొంచెంగా. అలా వచ్చిన జొన్నలను ఊళ్లోనే నిల్వ చేసి, పనులు దొరకని వానకాలపు నెలల్లో నిరుపేద ఇళ్లకు తక్కువ ధరకు అమ్మారు. ఎక్కడో పండిన బియ్యం లారీలో రావడం కాకుండా, ఊరి గింజ ఊరివాళ్లకే అందిన రేషన్ అది.

ఎవరు పేదలో తేల్చడంలో కూడా వాళ్ల పద్ధతి వేరు. ఆఫీసు కాగితాలు పక్కన పెట్టి, నలుగురూ కూర్చునే చోట నేల మీద ముగ్గుతో ఊరి పటం గీశారు. ఏ ఇంట్లో పొయ్యి వెలగడం లేదో, ఎవరికి భూమి లేదో, ఏ ముసలమ్మకు చూసే దిక్కు లేదో అందరి ముందే చెప్పుకుని గుర్తు పెట్టారు. పక్కింటివాళ్ల ముందు అబద్ధం ఆడటం కష్టం కదా.

విత్తనం కూడా వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది. బూడిద, వేపాకు కలిపి, మట్టి, పేడ అలికిన బుట్టల్లో దాస్తారు. తీసుకుపోయిన మనిషి పంట వచ్చాక రెండింతలు తెచ్చి ఇవ్వాలి. ఏటా సంక్రాంతికి ‘పాత పంటల జాతర’ బయలుదేరుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి రకరకాల విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. దిగిన ఊళ్లో చిరుధాన్యాల వంటలు వండి పెడతారు, ఏ నేలలో ఏ గింజ నిలిచిందో మాట్లాడుకుంటారు. నీళ్లు కట్టకుండా మంచుకే పండే యాసంగి పంటలకు వాళ్లు ‘సత్యం పంటలు’ అని పేరు పెట్టుకున్నారు. 2008లో సంఘాలు తమ సొంత రేడియో కూడా పెట్టుకున్నాయి. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో ఈ సంఘాలకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సంస్థను మొదలుపెట్టినవారిలో ఒకరైన పి.వి.సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఆయన పోయిన ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది.

అంత దూరం పోనవసరం లేదనుకునేవారికి పాత వరంగల్ జిల్లాలోనే ఏనెబావి ఉంది. ఇప్పుడు జనగామ జిల్లా కిందికి వస్తుంది. ఎరువుల బస్తా, పురుగుమందు డబ్బా ఊళ్లోకి రానివ్వబోమని 2006లో ఊరంతా ఒక్కమాట మీద నిలబడింది.

పాతదంతా అమృతమేమీ కాదు

పాత తిండి తింటే రోగమే రాదని ఈ మధ్య కొందరు ఊదరగొడుతున్నారు. అది నమ్మదగిన మాట కాదు. జొన్న ఒక్కటే తిని బతికిన పేదలకు దక్కన్ ప్రాంతంలో పెల్లాగ్రా అనే జబ్బు వచ్చేది. మెడ మీద, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. ముదిరితే మతి చెడేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి.గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతంలో దీని మీద పరిశోధన చేసి, జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని చెప్పారు. జొన్న తినొద్దని దీని అర్థం కాదు. జొన్నతోబాటు పప్పు, ఆకుకూర, పాలో మజ్జిగో, పల్లీలో ఉన్న ఇంట్లో ఆ జబ్బు భయం ఉండదు. ఉత్త గటకా, ఉత్త తెల్లన్నమూ రెండూ ఒంటరివే. నాలుగు రకాలు కలిసిన సద్దుల పళ్లెంలోనే బలం ఉంది.

గింజలకు గింజలకు తేడా కూడా తెలుసుకోవాలి. తైదల్లో కాల్షియం వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములు దాటుతుంది. ఇనుము కావాలంటే సజ్జలు మేలు, వంద గ్రాములకు ఆరు నుంచి ఎనిమిది మిల్లీగ్రాములు. అయితే గింజలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. నానబెట్టి మొలక కట్టించినా, అంబలిని పులియబెట్టినా పట్టే గుణం పెరుగుతుంది. నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరికాయ నంజుకున్నా అంతే. తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం ఆ ఇనుము చాలావరకు వృథా. మన పల్లెల్లో మధ్యాహ్నం కూలి పనుల దగ్గర అన్నం ముగియగానే చాయ్ ఫ్లాస్కు తెరిచే అలవాటు ఎంత పాతుకుపోయిందో చెప్పనక్కరలేదు. గంట ఆగి తాగితే పోయేదేమీ లేదు.

ఇంకో చిక్కు ధర. పేదవాడు వదిలేసిన కొర్రలు పట్నంలో గాజు సీసాల్లో, బియ్యం కన్నా ఎక్కువ రేటుకు అమ్ముడవుతున్నాయి. షుగర్ వచ్చిన ఉద్యోగి కొనగలడు, పత్తి ఏరే కూలి కొనలేదు. కాబట్టి కొనుక్కుని తినమని చెప్పే సలహా పరకాల పల్లెల్లో నిలవదు. పండించుకుంటేనే పని.

సర్కారు నుంచి అందేదీ తక్కువేం కాదు. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. 2025 ఉగాది నుంచి రేషన్ షాపుల్లో సన్నబియ్యం వస్తోంది. పసిపిల్లలకు బాలామృతం ఉంది. అది గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన పిండి. మంచిదే, కానీ అందులో ఈ నేల మీద పండిన తైద గానీ జొన్న గానీ లేదు.

సంఘాలు లేని ఊరు ఇప్పుడు పరకాల చుట్టుపక్కల దాదాపు లేదు. పొదుపు డబ్బు లెక్క చూసుకోవడానికి నెలనెలా కూర్చునే ఆడవాళ్లే సద్దుల నాడు సత్తు పంచుకునేదీ. ఆ కూర్చునే రోజున తలా ఒక గిద్దెడు పల్లీలో పెసలో నువ్వులో తెచ్చి, వేయించి, బెల్లంతో కలిపి, ఇంట్లో కడుపుతో ఉన్న కోడలికి, అంగన్‌వాడీకి పోయే మనవరాలికి తలా ఇంత కట్టి పంపితే అప్పు కావాలా, మంజూరు కావాలా? గిర్నీ ఊళ్లోనే ఉంది కాబట్టి రోకటి పోటు బాధ కూడా లేదు. సామలు, కొర్రల పొట్టు తీసే చిన్న యంత్రం ఒక్క ఇల్లు కొనలేదు గానీ, నాలుగు ఊళ్ల సంఘాలు కలిస్తే కొనలేనిదేమీ కాదు.

విత్తనం సంగతి మాత్రం ముందే చూసుకోవాలి. పత్తి సాళ్ల మధ్య వేసుకునే కందికి వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం రుద్రేశ్వర రకాన్ని ఇచ్చింది. ఈ స్థానం ప్రొఫెసర్ జయశంకర్ పేరున్న వ్యవసాయ విశ్వవిద్యాలయం కిందిదే. జయశంకర్ సార్ పుట్టిన అక్కంపేట పరకాలకు దగ్గరే. చిరుధాన్యాల విత్తనాల సంగతి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థలో తెలుస్తుంది. నారు పోసి నాటుకుంటే ఎకరానికి రెండు మూడు కిలోల తైదలు సరిపోతాయి. పది గుంటలు వేసే ఇంటికి కిలో లోపే. మృగశిర కార్తె వచ్చి వాన పడ్డాక వెతికితే దొరకదు. రోహిణిలోనే ఎవరి అటక మీద ఏ గింజ ఉందో సంఘంలో అడిగి పెట్టుకోవాలి.