రిజిస్టరులో లేని కణాలు



విశాఖలో ఎం.ఎస్సీ. న్యూక్లియర్ ఫిజిక్స్‌లో సీటు వచ్చిందని చెప్పినప్పుడు, చేపల చెరువు పనికి వెళ్లే మా అమ్మ ఒకటే అడిగింది: “కంటికి కనపడనివి ఉన్నాయని ఎలా తెలుసురా?” మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. జవాబు కోసం వెతికితే గుండుగొలనులో మన మెస్సే గుర్తొచ్చింది.

రిజిస్టరులో 80 పేర్లున్నాయి. అయిపోయిన అన్నం చూస్తే 90 మంది తిన్నట్టుంది. అంటే పేరెక్కని వాళ్లెవరో తిన్నారు. (సీటు రాకముందు వేరే ఊళ్లో మా అన్న హాస్టల్లో రెండు నెలలు నేనూ అలా తిన్నవాణ్ణే.)

ప్రోటాన్, న్యూట్రాన్ లాగా మూడు క్వార్కులు కలిసిన కణాలను బేరియాన్లంటారు. క్వార్కుల్లో ‘స్ట్రేంజ్’ అనే రకం ఒకటి. మూడూ స్ట్రేంజ్ క్వార్కులే ఉన్న ఒమేగా కణం ఉండాలని 1962లో గెల్‌మన్ చెబితే, 1964లో అమెరికాలోని బ్రూక్‌హేవన్‌లో దొరికింది. క్వార్కుల సిద్ధాంతం ప్రకారం ఇలాంటి బేరియాన్లు ఇంకా చాలా ఉండాలి. సెకనును కోటి కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కసేపు కూడా బతకవు కాబట్టి వాటిని పట్టుకోవడం కష్టం.

బ్రూక్‌హేవన్‌లో బంగారం కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఢీకొట్టించేవారు; జెనీవా దగ్గర సెర్న్‌లో సీసం కేంద్రకాలను అలాగే ఢీకొట్టిస్తారు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కులు విడిపోతాయి. చల్లారేటప్పుడు, సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర, మళ్లీ కలిసి కణాలవుతాయి. సూర్యుడి నడిబొడ్డు వేడికి ఇది లక్ష రెట్లు! అక్కడ థర్మామీటరు పెట్టలేం కదా. బయటికొచ్చిన కణాల్లో ఏవి ఎన్నో లెక్కపెట్టి వేడి తేలుస్తారు. ఆ లెక్కకు కణాల జాబితాయే రిజిస్టరు.

2014లో బ్రూక్‌హేవన్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు సూపర్ కంప్యూటర్‌పై క్వార్కుల సిద్ధాంతం నుంచే నేరుగా లెక్క కట్టారు. తెలిసిన కణాలు మాత్రమే కూడితే ఆ లెక్కతో సరిపోలేదు. ఇంకా దొరకని స్ట్రేంజ్ బేరియాన్లను కలిపితే సరిపోయింది. అంతేకాదు, స్ట్రేంజ్ కణాల సంఖ్యలు స్థిరపడే ఉష్ణోగ్రత కూడా అంతకుముందు అనుకున్నదానికన్నా తగ్గింది. రిజిస్టరు తప్పయితే థర్మామీటరూ తప్పు చూపిస్తుందన్నమాట.

నా మటుకు నాకు ఇది గట్టి ఆధారమే గానీ, కనుక్కున్నట్టు కాదు. తెలిసిన కణాలు ఒకదానిపై ఒకటి చూపే ప్రభావాన్ని సరిగా లెక్కించకపోయినా తేడా రావచ్చు. అందుకే కేయాన్ల పుంజంతో వాటిని నేరుగా వెతికే ప్రయోగాన్ని అమెరికాలోని జెఫర్సన్ ల్యాబు చేపట్టింది.

అమ్మకు ఇదంతా చెప్పాను. “దొరికాక మళ్లీ చెప్పు” అంది.

సంక్రాంతికి వస్తాను. ఫిజిక్స్ సందేహాలుంటే రాసి ఉంచండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.