ఎన్నికల ప్రకటన - కొల్లేటి సత్యం

ప్రజాస్వామ్యంలో ప్రచారం ఓటరుకు విషయజ్ఞానం కలిగించే సాధనం. కాని ప్రత్యర్థిని దూషించడమే ధ్యేయమైన ప్రకటన సత్యంలో సగాన్ని చూపి, తక్కిన సగాన్ని మరుగుపరుస్తుంది. జీవనోపాధి ప్రసక్తి వచ్చినప్పుడు ఈ ప్రమాదం మరింత అధికం. ఇందుకు కొల్లేరు నిదర్శనం.

పెదపాడు, ఏలూరు, కైకలూరు మండలాల్లో విస్తరించిన ఈ సరస్సును 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు వరకు, అనగా సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో సుప్రీంకోర్టు సాధికార కమిటీ ఆదేశాలతో అక్కడి చేపల చెరువుల గట్లను తెగగొట్టారు. వాటిపై ఆధారపడిన కూలీలు ఉపాధి కోల్పోయారు. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ అందుకు సమ్మతించలేదు. అనంతరకాలంలో కాంటూరు కుదింపు ఎన్నికల వాగ్దానంగా, పరస్పర నిందగా పరిణమించింది.

కూలీ కన్నీరు సత్యమే. అయితే ఆ కన్నీటి చాటున, భూములను కౌలుకు తీసుకొని చెరువులు తవ్వించిన పెట్టుబడిదారుల లాభం దాగి ఉంది. ఆ గట్లు బుడమేరు, తమ్మిలేరు వరదకు అడ్డుపడి, నీరు ఉప్పుటేరుకు చేరకుండా చేసి, ఎగువ పొలాలను ముంచుతాయన్న వాస్తవమూ మరుగున పడుతుంది.

2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తలెత్తిన వివాదంపై సుప్రీంకోర్టు, ముందస్తు ధ్రువీకరణ లేనిదే టీవీలో రాజకీయ ప్రకటన ప్రసారం కారాదని ఆదేశించింది. ధ్రువీకరణ కమిటీ చట్టవిరుద్ధమైన మాటను ఆపగలదు; చెప్పకుండా విడిచిన సగాన్ని మాత్రం చెప్పించలేదు. ఈ ప్రకటనకు వ్యయం ఎవరిది, లాభం ఎవరికి అని ప్రశ్నించవలసిన బాధ్యత ఓటరుదే.